డయాలసిస్ రోగి ఒంట్లో నీరు ఎంత? 'డ్రై వెయిట్' లెక్క ఎందుకంత ముఖ్యం?

డయాలసిస్ కేంద్రానికి వెళ్లగానే ముందు చేసే పని బరువు చూడటం. ఆ రోజు ఒంట్లోంచి ఎంత నీరు తీయాలన్నది ఆ అంకెను బట్టే నిర్ణయిస్తారు. ఈ లెక్క తప్పితే ప్రాణం మీదకు రావచ్చు.

డ్రై వెయిట్ అంటే?

ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు, బీపీ అదుపులో ఉండి, వాపు, ఆయాసం లేనప్పుడు ఉండే బరువే డ్రై వెయిట్. కిడ్నీలు పనిచేయకపోతే తాగిన నీరు చాలావరకు ఒంట్లోనే నిలిచిపోతుంది. లీటరు నీరంటే కిలో బరువు. డ్రై వెయిట్ 55 కిలోలున్న వ్యక్తి 58 కిలోలతో వస్తే, సుమారు 3 లీటర్లు తీయాలి.

అంత నీటిని 4 గంటల్లో తీస్తే, గంటకు కిలో బరువుకు 13.6 మిల్లీలీటర్లు పడుతుంది. 13 దాటితే గుండెకు భారమని వైద్యులు హెచ్చరిస్తారు. అందుకే ఎక్కువ నీటితో వచ్చినవారికి డయాలసిస్ సమయం పెంచాల్సి రావచ్చు.

లెక్క తప్పితే ఏమవుతుంది?

నీరు ఎక్కువ తీస్తే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, కళ్లు తిరుగుతాయి. తక్కువ తీస్తే బీపీ పెరుగుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కాలక్రమంలో గుండె కండరం మందమవుతుంది.

డ్రై వెయిట్ ఎప్పటికీ ఒకేలా ఉండదు. ఆకలి మందగించి రోగి చిక్కిపోయినా, రికార్డులో పాత అంకే ఉండిపోతే, తగ్గిన కండ స్థానంలో నీరు చేరుతుంది. బరువు మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. తిండి మెరుగుపడి కండ పడితే, అవసరమైన నీటినీ తీసేసే ప్రమాదం ఉంది.

కొలిచే యంత్రాలు లేవా?

ఉన్నాయి. బయోఇంపెడెన్స్ పరీక్షలో చేతికి, కాలికి ఎలక్ట్రోడ్లు అంటించి, తెలియనంత స్వల్ప విద్యుత్తు పంపుతారు. తక్కువ ఫ్రీక్వెన్సీ విద్యుత్తు కణాల బయటి నీటిలోంచే వెళ్తుంది. ఎక్కువ ఫ్రీక్వెన్సీది కణాల లోపలి నుంచీ వెళ్తుంది. రెండింటి తేడాతో అదనపు నీటిని అంచనా వేస్తారు. కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. ఊపిరితిత్తుల్లో నీటిని అల్ట్రాసౌండ్‌తోనూ చూస్తారు.

అయితే ఈ యంత్రాన్ని అందరికీ తప్పనిసరిగా వాడాలనేందుకు తగిన ఆధారాలు లేవని బ్రిటన్‌కు చెందిన నైస్ సంస్థ 2017లో తేల్చింది. కాబట్టి యంత్రం లేని కేంద్రంలోనూ బీపీ, వాపు, ఆయాసం, బరువు జాగ్రత్తగా చూస్తే చాలావరకు పని జరుగుతుంది.

ఉచిత డయాలసిస్‌లో ఏం అడగాలి?

కేంద్రం 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రారంభించింది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద కూడా అర్హులకు ఉచితంగా డయాలసిస్ చేస్తారు. అక్కడ ఇవి అడగండి:

- నా డ్రై వెయిట్ ఎంత? చివరిగా ఎప్పుడు మార్చారు?
- ఈ రోజు ఎంత నీరు తీస్తున్నారు?
- బీపీ మాత్ర డయాలసిస్‌కు ముందు వేసుకోవాలా, తర్వాతా?

ఇంట్లో ఏం చేయాలి?

రోజూ ఉదయం ఒకే కాటాపై బరువు చూసి రాసుకోండి. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించడం కష్టం. ఆవకాయ, అప్పడం, వడియాలు తింటే దాహం ఆగదు. మజ్జిగ, చారు, టీ, గంజి కూడా నీటి లెక్కలోకే వస్తాయి. పడుకుంటే ఊపిరాడకపోతే, తర్వాతి డయాలసిస్ రోజు దాకా ఆగకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.