కార్ట్ కదిలితే చాలదు.. ల్యాప్ టైమ్ తగ్గాలి!

ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఇంజినీరింగ్ చదువుతూ ఫైనలియర్ ప్రాజెక్టుగా గో-కార్ట్ చేయాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. కానీ చాలా టీమ్‌లు పైపులు వెల్డింగ్ చేసి, ఇంజిన్ బిగించి, బండి కదలగానే ఫొటో దిగి ఆపేస్తాయి. రెజ్యూమెలో ఒక లైను చేరుతుంది. ఇంటర్వ్యూలో ‘ఈ కొలతే ఎందుకు పెట్టారు?’ అని అడిగితే మాత్రం నోరు పెగలదు. అసలు ఇంజినీరింగ్ బండి కదిలాకే మొదలవుతుంది.

ముందు డ్రైవర్

ఒక్క ల్యాప్ వేగంగా కొట్టడం గొప్ప కాదు. పది ల్యాప్‌లు దాదాపు ఒకే టైమ్‌లో తిప్పగలగాలి. డ్రైవర్ టైమే ల్యాప్‌కీ ల్యాప్‌కీ అర సెకను అటూఇటూ మారుతుంటే, సెటప్ వల్ల తగ్గిన 0.2 సెకను మీకు కనిపించదు.

బ్రేకు మలుపు ముందే, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే వేయండి. మలుపులోకి నిదానంగా వెళ్లినా ఫర్లేదు, బయటికి వేగంగా రావాలి. లెక్క చూడండి. మలుపు తర్వాత 200 మీటర్ల స్ట్రెయిట్ ఉందనుకుందాం. అక్కడ సగటు వేగం గంటకు 54 కి.మీ. అయితే 13.3 సెకన్లు పడుతుంది. 55.8 అయితే 12.9 చాలు. రెండు కి.మీ. కూడా తేడా లేదు, 0.4 సెకను మిగిలింది!

తర్వాత సెటప్

1956లో కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ తొలి గో-కార్ట్ తయారుచేశాడు. నేటికీ రేసింగ్ కార్ట్‌కు సస్పెన్షన్ ఉండదు, డిఫరెన్షియల్ ఉండదు. వెనక రెండు చక్రాలూ ఒకే యాక్సిల్‌పై ఒకే వేగంతో తిరుగుతాయి. కాబట్టి మలుపులో లోపలి వెనక చక్రం కాస్త పైకి లేవాలి. లేవకపోతే బండి తిరగనని మొరాయించి నేరుగా పోతుంది.

సీటు: కార్ట్ మీద అన్నిటికంటే బరువైన ‘భాగం’ చాలాసార్లు డ్రైవరే. నాలుగు బాత్రూమ్ వెయింగ్ మెషిన్లు చదునైన నేలపై పెట్టి, డ్రైవర్‌ను కూర్చోబెట్టి తూచండి. ముందు 43, వెనక 57 శాతం దగ్గర మొదలుపెట్టండి.

ముందు చక్రాల మధ్య దూరం: బండి తిరగకపోతే ఒక్కో పక్క 5 మి.మీ. స్పేసర్ వేసి పెంచండి. లోపలి వెనక చక్రం బాగా లేస్తుంది. వెనక భాగం జారిపోతుంటే తగ్గించి చూడండి.

టో: ముందు టైర్ల మధ్య దూరాన్ని ముందంచు దగ్గరా, వెనకంచు దగ్గరా కొలవండి. టేపు, దారం చాలు. తేడా సున్నా నుంచి మొదలుపెట్టండి.

స్ప్రాకెట్: స్ట్రెయిట్ చివరికి చేరకముందే ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం తాకేస్తే వెనక స్ప్రాకెట్ పళ్లు తగ్గించండి. అసలు చేరకపోతే పెంచండి.

టైర్ గాలి: ఒకసారికి 1 పీఎస్‌ఐ మాత్రమే మార్చండి. పరుగుకు ముందు, తర్వాత రెండుసార్లూ కొలిచి రాయండి.

ఒక్కసారి ఒక్కటే

నియమం ఇదొక్కటే. పది ల్యాప్‌లు తిప్పి, టైర్లు వేడెక్కే తొలి రెండూ వదిలేసి, మిగతా ఎనిమిదింటి సగటు రాయండి. ఒక్క మార్పు చేసి మళ్లీ పది. ఆ తర్వాత పాత సెటప్ పెట్టి ఇంకో పది. ఎందుకంటే ఆలోపు డ్రైవర్‌కు ట్రాక్ అలవాటై కూడా టైమ్ తగ్గి ఉండొచ్చు. పాత సెటప్‌లో టైమ్ తిరిగి పెరిగితేనే మీ మార్పు పనిచేసినట్టు.

ఎక్కడ తిప్పాలి?

రోడ్డు మీద వద్దే వద్దు. కాలేజీ అనుమతితో ఖాళీ మైదానంలో కోన్లు పెట్టుకోండి. డ్రైవింగ్ మెలకువలకు బెంగళూరు, హైదరాబాద్‌లలో అద్దె కార్ట్ ట్రాకులున్నాయి. ఆదోని నుంచి గుంతకల్లు మీదుగా బెంగళూరుకు రైలుంది. హెల్మెట్, చైన్‌గార్డ్ తప్పనిసరి. చున్నీ, విరబోసిన జుట్టు వెనక యాక్సిల్‌కు చుట్టుకుంటే ప్రాణానికే ముప్పు. జుట్టు ముడేసి హెల్మెట్ లోపల పెట్టాకే ఎక్కండి.

ఉద్యోగానికి ఏం ఉపయోగం?

మన పక్కనే పెనుకొండ దగ్గర కియా కార్ల ప్లాంటుంది. ఏ వాహన కంపెనీలోనైనా టెస్టింగ్, క్వాలిటీ పనంటే ఇదే: కొలవడం, ఒక్కటి మార్చడం, మళ్లీ కొలవడం. ‘మా టీమ్ కార్ట్ చేసింది’ అనేవాళ్లు చాలామంది. ‘ముందు ట్రాక్ ఇంత పెంచితే సగటు టైమ్ ఇంత తగ్గింది, పాతదానికి వెళ్తే మళ్లీ పెరిగింది, ఇదిగో నోట్‌బుక్’ అనేవాళ్లు తక్కువ. పనిచేయని మార్పు కూడా దాచొద్దు. ఎందుకు పనిచేయలేదో చెప్పగలిగితే అదీ మార్కులు తెచ్చేదే.

సీఎస్ఈ, ఈసీఈ వాళ్లూ చేరొచ్చు. చక్రం వేగం పట్టే సెన్సర్, ఫోన్ జీపీఎస్, ఎక్సెల్ షీటు మీ వాటా. ఈ వారమే ఒక నోట్‌బుక్ కొనండి. తేదీ, ఎండ, టైర్ గాలి, ల్యాప్ టైమ్.. నాలుగు గళ్లు గీసి మొదలెట్టేయండి.