హెవీ వెయిట్ బాక్సర్లలో అగ్రస్థానం ఎవరిది?

హెవీ వెయిట్ బాక్సర్లలో అందరికన్నా గొప్పవాడు ఎవరని అడిగితే మనలో చాలామంది మరో ఆలోచన లేకుండా ముహమ్మద్ అలీ పేరు చెబుతాం. ఒక్క బాక్సింగ్ పోటీ కూడా చూడని పెద్దవాళ్లకు సైతం ఆ పేరు తెలుసు. అయితే ఆ మాట అతను ముస్లిం కాబట్టి అంటున్నామా, రింగులో చేసినదాన్ని చూసి అంటున్నామా? అభిమానం ఒకటి, ఇన్సాఫ్ మరొకటి. మనవాడైనా సరే తూకం సరిగ్గా వేయాల్సిందే. అందుకే ఈ వ్యాసంలో 1937 నుంచి వచ్చిన ఛాంపియన్లందరినీ ఒకే కొలతతో చూడదలచుకున్నాం.

1937 నుంచే మొదలుపెట్టడానికి కారణం ఉంది. 1915లో నల్లజాతి ఛాంపియన్ జాక్ జాన్సన్ ఓడిపోయాక, 22 ఏళ్లపాటు మరో నల్లజాతి బాక్సర్‌కు హెవీ వెయిట్ టైటిల్ కోసం పోరాడే అవకాశమే ఇవ్వలేదు. సగం మందిని గుమ్మం బయటే నిలబెట్టి జరిపిన పోటీల్లో గెలిచినవాణ్ని అందరిలోకీ గొప్పవాడని ఎలా అంటాం? 1937 జూన్ 22న షికాగోలో జేమ్స్ బ్రాడక్‌ను ఓడించి జో లూయిస్ ఆ తలుపు తెరిచాడు. మా లెక్కలో ఆధునిక యుగం అక్కడే మొదలైంది.

కొలత ఏది?

బాక్సింగ్‌లో మిగతా విభాగాలన్నిటికీ బరువులో పైహద్దు ఉంటుంది. మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది 52 కిలోల విభాగంలో. అక్కడ ప్రత్యర్థి కూడా ఆ బరువు దాటకూడదు. హెవీ వెయిట్‌లో మాత్రం కింది హద్దే తప్ప పైహద్దు లేదు. నేటి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో ఆ కింది హద్దు సాధారణంగా 200 పౌండ్లు, అంటే సుమారు 91 కిలోలు. 1950లలో ఛాంపియన్‌గా ఉన్న రాకీ మార్సియానో బరువు 85 కిలోలకు అటూ ఇటూ. ఈ రోజైతే అతన్ని ఈ విభాగంలోనే చేర్చరు. మన కాలపు టైసన్ ఫ్యూరీ ఎత్తు 206 సెంటీమీటర్లు, బరువు 115 కిలోలకు పైమాటే.

కాబట్టి ‘ఇద్దరినీ ఒకే రింగులోకి దింపితే ఎవరు గెలుస్తారు’ అనే ప్రశ్న కాలక్షేపానికి బాగుంటుంది గానీ తీర్పుకు పనికిరాదు. ఎవరినైనా వారి కాలంలో వారికి ఎదురైన ప్రత్యర్థులతోనే పోల్చాలి. మేము మూడు విషయాలు చూశాం. ఎవరితో తలపడ్డాడు? ఎంతకాలం నిలబడ్డాడు? ఓడినప్పుడు ఎలా తిరిగి లేచాడు?

అంకెలు చెప్పేవి, దాచేవి

ఓటమి లేకపోవడమే గొప్ప అనుకుంటే మొదటి స్థానం మార్సియానోదే. 49 పోటీలు, 49 విజయాలు, అందులో 43 నాకౌట్లు. కానీ అతను ఓడించినవాళ్లను చూడండి. 1951లో అతని చేతిలో పడిపోయిన జో లూయిస్‌కు అప్పటికి 37 ఏళ్లు. 1952లో టైటిల్ కోల్పోయిన జెర్సీ జో వాల్కాట్‌కు 38 ఏళ్లు. మార్సియానో ధైర్యాన్ని శంకించనక్కరలేదు, పాయింట్లలో వెనకబడి ఉండి కూడా వాల్కాట్‌ను 13వ రౌండులో పడగొట్టాడు. అయినా ప్రత్యర్థుల వయసు కలిపి చూస్తే ఆ సున్నా కొంచెం చిన్నదవుతుంది.

ఎక్కువకాలం నిలబడటమే గొప్ప అనుకుంటే జో లూయిస్‌కు సాటి లేదు. 1937 నుంచి 1949 వరకు 11 ఏళ్ల 8 నెలలు ఛాంపియన్‌గా ఉండి, 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1936లో తనను పడగొట్టిన జర్మన్ బాక్సర్ మాక్స్ ష్మెలింగ్‌ను 1938లో న్యూయార్క్‌లో మొదటి రౌండులోనే, కేవలం 124 సెకన్లలో ముగించాడు. అంటే మూడు కొలతల్లో రెండింటిలో అతనికి పూర్తి మార్కులు.

ఇక లారీ హోమ్స్. 1978 నుంచి 1985 వరకు 20 సార్లు టైటిల్ కాపాడుకున్నాడు. వరుసగా 48 గెలిచి, మార్సియానో రికార్డును అందుకోవడానికి ఒక్క మెట్టు దూరంలో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. అలీ తర్వాత రావడం వల్ల అతనికి రావలసిన పేరు రాలేదు. వ్లాదిమీర్ క్లిచ్కో కూడా 2006 నుంచి 2015 వరకు వరుసగా 18 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు గానీ, అతని కాలంలోని మరో మేటి బాక్సర్ విటాలీ స్వయానా అన్న. అన్నదమ్ములు తలపడలేదు. తలపడనందుకు వారిని తప్పుపట్టలేం, కానీ లెక్కలో ఆ ఖాళీ ఖాళీగానే ఉంది.

మైక్ టైసన్ 1986లో 20 ఏళ్ల 4 నెలల వయసులో ఛాంపియన్ అయ్యాడు. ఆ రికార్డు నేటికీ చెదరలేదు. భయం పుట్టించడంలో అతనికి అతనే సాటి. కానీ 1990లో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో ఓడాక, ఇవాండర్ హోలీఫీల్డ్‌నూ లెనాక్స్ లూయిస్‌నూ గెలవలేకపోయాడు. లెనాక్స్ లూయిస్ కథ దీనికి తలకిందులు. జీవితంలో ఇద్దరి చేతిలోనే ఓడాడు, ఆ ఇద్దరినీ తిరిగి ఓడించాడు. జార్జ్ ఫోర్‌మన్ అయితే 1974లో పోయిన టైటిల్‌ను 1994లో, 45 ఏళ్ల వయసులో మళ్లీ గెలిచాడు.

అలీ లెక్క

ఇప్పుడు అలీని ఇదే కొలతతో చూద్దాం. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు. 1967 ఏప్రిల్ 28న సైన్యంలో చేరనని చెప్పడంతో టైటిలూ, లైసెన్సూ పోయాయి. 25 ఏళ్ల నుంచి 28 ఏళ్ల వరకు, బాక్సర్‌కు పండే వయసంతా రింగు బయటే గడిచింది. అమెరికా సుప్రీంకోర్టు 1971లో అతని శిక్షను కొట్టేసింది గానీ పోయిన ఏళ్లను ఇవ్వలేకపోయింది. ఆ కాలంలో గెలిచి ఉండేవాడని ఊహించి మార్కులు కలపడం న్యాయం కాదు. మేము కలపలేదు. వియత్నాం యుద్ధాన్ని ఎదిరించిన అతని నైతిక ధైర్యాన్ని ఎంత గౌరవించినా, దాన్నీ ఈ లెక్కలోకి తీసుకోలేదు.

అవి తీసేసినా మిగిలేది చాలు. 1971లో జో ఫ్రేజియర్ చేతిలో, 1973లో కెన్ నార్టన్ చేతిలో ఓడాడు. ఆ ఇద్దరినీ ఫోర్‌మన్ రెండేసి రౌండ్లలోనే కూల్చాడు. అంతటి ఫోర్‌మన్‌ను 1974 అక్టోబర్ 30న కిన్షాసాలో 32 ఏళ్ల అలీ ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. అప్పటికి ఫోర్‌మన్ 40 పోటీల్లో ఓటమి ఎరుగడు. ఫ్రేజియర్‌ను రెండుసార్లు, నార్టన్‌ను రెండుసార్లు తిరిగి ఓడించాడు. 1978లో లియాన్ స్పింక్స్‌కు పోగొట్టుకున్న టైటిల్‌ను ఏడు నెలల్లో తిరిగి తెచ్చుకున్నాడు. ఇంత బలమైన ప్రత్యర్థుల వరస మరెవరి జాబితాలోనూ లేదు.

కాబట్టి మా వరుస ఇది: అలీ, జో లూయిస్, లారీ హోమ్స్, లెనాక్స్ లూయిస్, ఫోర్‌మన్, మార్సియానో. తర్వాత హోలీఫీల్డ్, ఫ్రేజియర్, టైసన్, క్లిచ్కో. ఈ నలుగురినీ ఎవరు అటూ ఇటూ మార్చినా వాదించం. ఫ్యూరీ, ఒలెక్సాండర్ ఉసిక్ వంటి ఇటీవలి వాళ్లపై తీర్పుకు ఇంకా కొంతకాలం ఆగడం మంచిది.

జాబితాలో కనిపించని ఖర్చు

అలీని మొదటి స్థానంలో నిలిపిన పోటీలే అతని ఒంటిని తినేశాయి. 1975లో మనీలా ఎండలో ఫ్రేజియర్‌తో 14 రౌండ్లు, 1977లో ఎర్నీ షేవర్స్‌తో 15 రౌండ్లు. ఇక ఆపమని చెప్పినా వినకపోవడంతో అలీ వెంట ఏళ్లుగా ఉన్న డాక్టర్ ఫెర్డీ పచెకో తప్పుకున్నాడు. 1980 అక్టోబర్‌లో లాస్ వెగాస్‌లో 38 ఏళ్ల అలీని, ఒకప్పుడు అతని దగ్గరే సాధన చేసిన హోమ్స్ పది రౌండ్లు కొట్టాడు. 1984లో పార్కిన్‌సన్స్ జబ్బు బయటపడింది. దానికి గుద్దులే కారణమని తేల్చి చెప్పలేం. కానీ తలకు పదే పదే తగిలే దెబ్బలు మెదడుకు హాని చేస్తాయన్నది వైద్యులు ఒప్పుకున్న విషయం. అలీతో రెండుసార్లు తలపడిన జెర్రీ క్వారీ ఆ దెబ్బల వల్లే మతి తప్పి, 1999లో 53 ఏళ్లకే చనిపోయాడు.

రెండో స్థానంలో ఉన్న జో లూయిస్ కథ దానం చేసే చేతులున్న మన పాఠకులు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. 1942లో అతను రెండు టైటిల్ పోటీల్లో తన వాటా సొమ్మును అమెరికా నౌకాదళం, సైన్యాల సహాయ నిధులకు ఇచ్చేశాడు. తర్వాత పన్నుల శాఖ ఆ సొమ్మును కూడా అతని ఆదాయంగానే లెక్కగట్టింది. ఇతర బాకీలు, వడ్డీలు తోడై అప్పు కొండంత అయింది. రిటైరైనవాడు 1950లో డబ్బు కోసం మళ్లీ రింగెక్కాడు. చివరికి లాస్ వెగాస్‌లోని ఒక కాసినోలో వచ్చినవాళ్లను పలకరించే ఉద్యోగం చేశాడు. 1981లో చనిపోయినప్పుడు, ఒకనాడు తన చేతిలో చిత్తయిన ష్మెలింగే అంత్యక్రియల ఖర్చుకు చేయూతనిచ్చాడు.

అలీ మొదటివాడన్న మాట అభిమానం లేకుండా చూసినా నిలుస్తుంది. అందుకు సంతోషమే. అయితే మన పిల్లలకు ఆ కథ చెప్పేటప్పుడు కిన్షాసా దగ్గర ఆపేయకండి. లాస్ వెగాస్ దాకా చెప్పండి. ఎప్పుడు బరిలోకి దిగాలో అలీకి బాగా తెలుసు, ఎప్పుడు దిగిపోవాలో చెప్పినవాళ్ల మాట మాత్రం వినలేదు. ఆ రెండోది కూడా నేర్చుకున్న పిల్లలే అలీని నిజంగా అర్థం చేసుకున్నట్టు.