గుండెల మీద కూర్చున్నదెవరు?

గత దసరా సెలవులలో ఒక సాయంత్రము ఒక తల్లి తన కూతురిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. పిల్ల పట్నంలో హాస్టలులో ఉండి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరము చదువుతున్నది. మెడలో కొత్తగా కట్టిన నల్లదారము ఉన్నది. తల్లి వాకిట్లోనే ఏడుపు మొదలుపెట్టింది.

"అయ్యగారూ, రాత్రిపూట పిల్ల గుండెల మీద ఏదో వచ్చి కూర్చుంటున్నదట. ఉపవాస ప్రార్థన పెట్టించండి. దయ్యము పట్టిందని ఊరంతా అప్పుడే చెప్పుకుంటున్నారు. రేపు దీనికి సంబంధాలు ఎట్లా వస్తాయండీ?"

మేము పిల్లను దగ్గర కూర్చోబెట్టుకొని మెల్లగా అడిగాము. ఆమె చెప్పింది ఇది: తెల్లవారుజామున మెలకువ వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి. గది కనబడుతుంది, పక్క మంచాల మీద పిల్లలు కనబడతారు. కాని కాలు చెయ్యి కదలవు. అరుద్దామంటే నోరు పెగలదు. తలుపు దగ్గర ఎవరో నిలబడినట్లు అనిపిస్తుంది, ఆ తరువాత రొమ్ము మీద బరువు. కాసేపటికి అంతా పోతుంది, ఒళ్లంతా చెమట.

"ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అన్నాము.

"పదకొండున్నరకు స్టడీ అవర్ అవుతుందండి. నాలుగింటికి లేపుతారు."

సగము జవాబు ఆ మాటలోనే దొరికింది. మిగిలిన సగము కొరకు మెదడు సంగతి కొంచెము తెలుసుకోవాలి.

పెద్దవారి మెదడు సుమారు 1,400 గ్రాములు ఉంటుంది. అంటే శరీరపు బరువులో నూటికి 2 వంతులే. కాని శరీరము ఖర్చు చేసే శక్తిలో సుమారు 20 వంతులు అదే వాడుకుంటుంది. మనము పడుకున్నప్పుడు అది కూడా పడుకుంటుందని చాలాకాలము పండితులే అనుకున్నారు. 1953లో అమెరికాలోని షికాగోలో యూజీన్ అసెరిన్స్కీ అనే విద్యార్థి, ఆయన గురువు నథానియేల్ క్లైట్‌మన్ ఒక వింతను లోకానికి చెప్పారు. నిద్రలో కొన్ని వేళల్లో మూసిన రెప్పల కింద కళ్లు గబగబా కదులుతాయి. ఆ సమయములో మెదడు దాదాపు మేలుకొన్నట్లే పనిచేస్తుంది. లేపి అడిగితే కల వస్తున్నదని చెబుతారు. అసెరిన్స్కీ మొదట తన ఎనిమిదేళ్ల కొడుకునే రాత్రంతా పడుకోబెట్టి పరీక్షించాడు. ఇంట్లో ఉన్న పిల్లవాడే పనికివచ్చాడన్నమాట!

ఈ కలల నిద్ర సుమారు గంటన్నరకు ఒకసారి వస్తుంది. రాత్రి మొదట్లో కొద్దిసేపే ఉంటుంది, తెల్లవారే కొద్దీ ఎక్కువసేపు ఉంటుంది.

అయితే కలలో పరుగెత్తేవాడు మంచము మీద నుండి లేచి ఎందుకు పరుగెత్తడు? ఫ్రాన్సులోని లియాన్ నగరములో మిషెల్ జువే అనే శాస్త్రవేత్త పిల్లుల మీద పరిశోధించి దీనిని తేల్చాడు. కలల నిద్రలో పిల్లి కండరాలు పూర్తిగా సడలిపోతాయని ఆయన 1959లో చెప్పాడు. తలకూ మెడకూ కలిసే చోట మెదడు కాండము ఉంటుంది. మెదడు ఇచ్చే ఆజ్ఞలు దాని గుండానే వెన్నుపాములోకి, అక్కడి నుండి నరాల ద్వారా కాళ్లకు చేతులకు వెళ్తాయి. ఆ కాండములో ఒక చిన్న భాగము దెబ్బతింటే పిల్లులు నిద్రలోనే లేచి నిలబడి, లేని ఎరను వేటాడినట్లు ప్రవర్తించాయి.

మన ఊరిలో లైన్‌మన్ స్తంభము ఎక్కేముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి లైను ఆపిస్తాడు గదా. అలాగే కల మొదలయ్యేముందు మెదడు కాళ్లకు చేతులకు లైను ఆపుతుంది. కళ్లకు, ఊపిరికి మాత్రము ఆపదు. అది మన రక్షణ కొరకే. పని అయిన తరువాత లైను ఇస్తారు, మనము లేస్తాము. నిద్ర చాలనివారికి, వేళ తప్పి పడుకునేవారికి, మనసులో దిగులున్నవారికి ఈ సర్దుబాటు ఒక్కొక్కప్పుడు తప్పుతుంది. మెలకువ ముందు వస్తుంది, లైను ఇంకా ఇవ్వరు. అది కొన్ని క్షణాలో, ఒకటి రెండు నిమిషాలో. పడినవారికి మాత్రము అది ఒక యుగము.

మరి ఆ బరువు మాట? కలల నిద్రలో పొట్టపై భాగపు డయాఫ్రమ్ ఊపిరి ఆడిస్తూనే ఉంటుంది గాని పక్కటెముకల కండరాలు సడలి ఉంటాయి. ఊపిరి ఆగదు. కాని గట్టిగా పీల్చుదామంటే మాట వినదు. ఎవరో రొమ్ము నొక్కుతున్నట్లు ఉండేది అందుకే. మెదడులో భయాన్ని చూసుకునే బాదంగింజంత భాగము ఒకటున్నది. కలల నిద్రలో అది చాలా చురుకుగా ఉంటుంది. భయము ముందు పుడుతుంది, దానికి తగిన ముఖాన్ని మనసు తరువాత వెదుకుతుంది. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ ప్రజలు ముసలి మంత్రగత్తె కూర్చుందన్నారు. జపానువారు కనషిబారి అన్నారు, అనగా కట్టివేయబడుట. హెన్రీ ఫ్యూస్లీ 1781లో నిద్రిస్తున్న స్త్రీ రొమ్ము మీద కూర్చున్న దయ్యాన్ని చిత్రించాడు. మా తల్లిగారి ఊరిలో అది చింతచెట్టు మీది దయ్యము! అనేక పరిశోధనలను కలిపి 2011లో లెక్కవేసినప్పుడు, నూటికి దాదాపు 8 మందికి జీవితములో ఒక్కసారైనా ఇది వచ్చినట్లు తేలింది. విద్యార్థులలో అయితే 28 మందికి.

ఇదంతా ఆ తల్లికి చెప్పాము. ప్రార్థన వద్దనలేదు, ఆ రాత్రి వారితో కలిసి ప్రార్థించాము. కాని దయ్యాన్ని వెళ్లగొట్టే ప్రార్థన చేయము అన్నాము. ఆ మాట ఆడపిల్ల మీద ఒకసారి పడితే కడుక్కోవడము ఎంత కష్టమో పల్లెలలో ఉన్నవారికి మేము చెప్పనక్కరలేదు. అందులో సంఘస్థుల నోళ్లకు కూడా భాగమున్నది.

పిల్లకు చెప్పినవి కొద్ది మాటలే. వెల్లకిలా పడుకోవద్దు, వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువగా వస్తుంది. రోజూ ఒకే వేళకు పడుకోవాలి, నీ వయస్సుకు ఎనిమిది గంటలు కావాలి. అది వచ్చినప్పుడు పెనుగులాడక, ఒక్క కాలి వేలు కదిలించడానికి ప్రయత్నించు. పక్కవారు చూస్తే పేరు పెట్టి పిలిచి తట్టితే చాలు.

అన్నిటికీ ఇదే కారణమనుకోకూడదు. కాళ్లు చేతులు కొట్టుకొని, నాలుక కరచుకొని, తరువాత ఏమీ గుర్తులేకపోతే అవి ఫిట్స్ కావచ్చు. పట్టపగలు ఆపుకోలేని నిద్ర వచ్చినా, నవ్వినప్పుడు మోకాళ్లు సడలిపోయినా అది వేరే జబ్బు. అటువంటివారిని నరాల డాక్టరుకు చూపించాలి. భయము, దిగులు విడువకపోతే 14416కు ఫోను చేయవచ్చు. 2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

మరునాడు తండ్రి హాస్టలుకు వెళ్లి వార్డెనుతో మాట్లాడాడు. మొదట ఒప్పుకోలేదట, చివరకు ఆ పిల్లను పదింటికి పడుకొని ఆరింటికి లేవనిచ్చారు.

క్రిస్మసుకు ఆ పిల్ల మళ్లీ మా ఇంటికి వచ్చింది. "ఒక్కసారి వచ్చిందండీ. బొటనవేలు కదిపాను, పోయింది. పక్కకు తిరిగి పడుకున్నాను," అన్నది. మెడలో నల్లదారము లేదు. ఎవరు తీశారో మేము అడగలేదు.