శుభలేఖ వీడియో వెనక లెక్క

కంసాలి బంగారం కరిగించే చిన్న మట్టిగిన్నె పేరు మూస. కథను ‘మూసపోత’ అన్నామంటే అది తిట్టే. అయినా టెంప్లేట్‌కు తెలుగులో ఈ మాటే స్థిరపడుతోంది, వీడియో ఎడిటింగ్ విషయంలో ఇది అనుకున్నదానికన్నా బాగా అతుకుతుంది. మూసలో ఉన్నంతసేపూ బంగారం ద్రవంగానే ఉంటుంది, బయటికి పోశాకే గడ్డకడుతుంది. ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్‌లో మనం తెరిచే టెంప్లేట్ కూడా అంతే. తెరమీద ఆడుతూ కనిపిస్తుంది కాబట్టి దాన్ని వీడియో అనుకుంటాం. నిజానికి అక్కడ వీడియో ఇంకా పుట్టలేదు.

ఆ మధ్య మా బంధువుల ఇంట పెళ్లికి వాట్సాప్ శుభలేఖ తయారుచేసే పని నామీద పడింది. నిలువు తెరకు సరిపోయే టెంప్లేట్ ఒకటి ఎంచుకున్నాను. వినాయకుడు, వధూవరుల పేర్లు, ముహూర్తం, కల్యాణ మండపం, చివర ఆహ్వానించువారు, మొత్తం ఐదు దృశ్యాలు. నిడివి 18 సెకన్లు. నిలువు తెరకు వెడల్పు 1080, ఎత్తు 1920 చుక్కలు, అంటే ఒక్క ఫ్రేములో 20,73,600 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 3 బైట్లు చొప్పున ఫ్రేముకు 62 లక్షల బైట్లు పైనే. సెకనుకు 30 ఫ్రేముల లెక్కన 18 సెకన్లకు 540 ఫ్రేములు, దాదాపు 336 కోట్ల బైట్లు. ముహూర్తం ‘ఉదయం 10.24’ బదులు ‘10.42’ అని పడిందని దిద్దినప్పుడు ఈ 336 కోట్ల బైట్లలో ఒక్కటి కూడా కదలలేదు. మారినవి రెండు అంకెలు, అవి ఉన్నది చిన్న ఉత్తరమంత జాబితాలో.

ఆ జాబితాయే అసలు టెంప్లేట్. దాన్ని మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: రెండో దృశ్యం, నిడివి 4 సెకన్లు; అడుగున పసుపుపచ్చ నేపథ్యం; దానిమీద మామిడాకుల తోరణం బొమ్మ, ఫలానా చోట దాచి ఉంది, అక్కడినుంచి తెచ్చుకో; దానిమీద వరుడి పేరు, దృశ్యం మొదలైన అర సెకనుకు కనబడాలి, ఒక సెకనులో పైకి జరగాలి. బొమ్మలు జాబితాలో ఉండవు, వాటి చిరునామాలు మాత్రమే ఉంటాయి. ‘వరుడి పేరు’ అన్నచోటు ఖాళీ గడి, మనం నింపేది దాన్నే.

ఎడిటింగ్ అంటే జాబితా రాయడమే అన్న ఆలోచన ఇంటర్నెట్ కన్నా పాతది. సినిమావాళ్లు ఫిల్మును నిజంగానే కోసి అతికించేవారు. 1971లో అమెరికాలో సీబీఎస్, మెమొరెక్స్ సంస్థలు కలిసి తెచ్చిన సీఎంఎక్స్ 600 యంత్రం మరో దారి చూపింది. కంప్యూటర్ డిస్కులమీద నాసిరకం నలుపు తెలుపు బొమ్మలను చూస్తూ, ఏ షాటు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఎడిటర్ తేల్చేవాడు. యంత్రం ఇచ్చేది సినిమాను కాదు, కాలసంకేతాల పట్టికను. ఆ పట్టిక ప్రకారం అసలు టేపులను తర్వాత కలిపేవారు. ఇవాళ బ్రౌజర్‌లో మనం చేసేదీ ఇదే, పట్టికలో మాత్రం రంగులూ అక్షరాలూ కదలికలూ కూడా చేరాయి.

దృశ్యం అనే విభజన ఎందుకంటారా? కాలాన్ని ఎక్కడినుంచి కొలవాలన్న చిక్కును అది తీరుస్తుంది. ఒకే పొడవాటి టైమ్‌లైన్ మీద పనిచేసేటప్పుడు ప్రతి అంశానికీ సమయం వీడియో మొదటినుంచి లెక్క. వినాయకుడి దగ్గర రెండు సెకన్లు పెంచితే ఆ వెనకున్నవన్నీ రెండేసి సెకన్లు జరగాలి, ఒక్కటి జరగకపోయినా వధువు పేరు వరుడి ఫొటో మీద పడుతుంది. దృశ్యాలుగా విడగొడితే ప్రతిదానికీ సొంత గడియారం ఉంటుంది, దృశ్యం మొదలైన క్షణమే దానికి సున్నా. ముహూర్తాన్ని ముందుకు జరిపినా, మండపాన్ని తీసేసినా లోపలి లెక్క చెడదు. మొత్తం నిడివి కూడికతో వచ్చేస్తుంది, కాకపోతే ఒక తీసివేత ఉంది. ఐదు దృశ్యాలు నాలుగేసి సెకన్లయితే 20 సెకన్లు. ఒకటి మాయమవుతూ మరొకటి తేలే చోట రెండూ అర సెకను ఒకేసారి తెరమీద ఉంటాయి. అలాంటి అతుకులు నాలుగు, కాబట్టి రెండు సెకన్లు తగ్గి 18 మిగిలాయి.

ఈ ఏర్పాటుకు లొంగనిది సన్నాయి. సంగీతం ఏ దృశ్యానికీ చెందదు, అన్నిటి కిందా ఒకటే పారుతుంది. దృశ్యం తీసేస్తే బొమ్మ సర్దుకుంటుంది గానీ పాట సర్దుకోదు, చరణం మధ్యలో తెగుతుంది. చివరి సెకనులో శబ్దాన్ని క్రమంగా తగ్గించడం తప్ప సాఫ్ట్‌వేర్ కూడా చేయగలిగింది తక్కువ.

జాబితా బొమ్మగా మారడం ఎలాగో చూద్దాం. ఫలానా క్షణంలో తెర ఎలా ఉండాలని అడిగితే సాఫ్ట్‌వేర్ ఆ క్షణం ఏ దృశ్యంలో పడుతుందో వెతికి, అందులోని పొరలను అడుగునుంచి పైకి పేర్చుతుంది. పై పొర 70 శాతం చిక్కగా ఉంటే ప్రతి చుక్కలోనూ దాని రంగు 70 పాళ్లు, కింది రంగు 30 పాళ్లు కలుస్తాయి. ఈ కలిపే లెక్కలను థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో సూత్రబద్ధం చేశారు. వరుడి పేరు ఒక సెకనులో 300 చుక్కలు పైకి జరగాలంటే ఫ్రేముకు 10 చుక్కలు చొప్పున జరిపితే సరి. అలా జరిపితే మాత్రం అది లిఫ్టు ఎక్కినట్టుంటుంది. లోకంలో బరువున్న వస్తువేదీ ఒక్కసారిగా వేగం అందుకోదు, ఒక్కసారిగా ఆగదు. అందుకే కదలికను గీతతో కాక వంపుతో నిర్ణయిస్తారు. ఆ వంపులకు పియెర్ బెజియర్ పేరుంది. ఆయన ఫ్రాన్సులో రెనో కార్ల కంపెనీ ఇంజినీరు. కారు ఒంటి ఒంపుల కోసం వాడిన గణితం శుభలేఖలో పేరును మెత్తగా ఆపుతోంది.

ప్రివ్యూలో ఈ పనంతా ఫ్రేముకు 33 మిల్లీసెకన్లలోపు అవ్వాలి. అందుకని మన ఫొటోలకు చిన్న నకళ్లు చేసుకుని వాటితో ఆడిస్తారు. 2017 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన వెబ్‌అసెంబ్లీ, 2021లో క్రోమ్‌తో మొదలైన వెబ్‌కోడెక్స్ అనే రెండు సాంకేతికతలు ఈ పనిని చాలావరకు మన కంప్యూటర్‌లోనే జరిగేలా చేశాయి. ‘డౌన్‌లోడ్’ నొక్కినప్పుడే పోత మొదలవుతుంది. అప్పుడు అసలు ఫొటోలతో 540 ఫ్రేములూ వేసి కుదిస్తారు: ఒక ఫ్రేమును పూర్తిగా దాచి, ఆ తర్వాతి వాటిలో మారిన భాగాలనే రాసుకుంటారు. ప్రతి దృశ్యాన్నీ ఒక పూర్తి ఫ్రేముతో మొదలుపెడితే ఐదింటినీ ఐదు యంత్రాలమీద విడివిడిగా తయారుచేసి చివర అతికించవచ్చు. దృశ్య విభజన ఇక్కడా పనికొస్తుంది, మనిషికే కాదు యంత్రానికీ.

టెంప్లేట్ తటస్థమైన గిన్నె అనుకోవద్దు. తాతగారి ఫొటో ఒక్కటే తీసుకుని బెలూన్ల టెంప్లేట్‌లో పెట్టండి, ఆ చిరునవ్వు సంబరంగా ఉంటుంది. దాన్నే దీపమూ పూలదండా ఉన్న టెంప్లేట్‌లో పెడితే అదే చిరునవ్వు గొంతు పట్టేస్తుంది. పక్కనున్న షాటును బట్టి ముఖంలోని భావం మారినట్టు తోస్తుందని రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ వందేళ్ల కిందటే ప్రయోగం చేసి చెప్పాడు. టెంప్లేట్‌లో ఆ పక్కన ఉండేది మన ఎంపిక కాదు, దాన్ని చేసినవాళ్ల ఎంపిక.

వాళ్లు ఏ లిపిని మనసులో పెట్టుకున్నారన్నది అంతకన్నా పెద్ద సంగతి. నా చిక్కంతా రెండో దృశ్యంలోనే వచ్చింది. వధువు పేరు ‘లక్ష్మీ’తో మొదలవుతుంది. పేరు ఒక అదృశ్యపు కిటికీలోంచి తేలి వచ్చే కదలిక అది. కిటికీ ఎత్తు ఇంగ్లిషు అక్షరాలకు సరిపడా ఉంది. ‘క్ష్మీ’లో పైన గుడిదీర్ఘం, నడుమ క్ష, అడుగున మ ఒత్తు. అడుగుది కిటికీ దాటిపోయి తెగిపడింది. పెళ్లికూతురి పేరు ‘లక్షీ’ అయి కూర్చుంది.

వేరే టెంప్లేట్ తీశాను. అందులో అక్షరాలు టైపు కొట్టినట్టు ఒక్కొక్కటే పడతాయి. ఇంగ్లిషులో ముచ్చటగా ఉండే ఈ వరస తెలుగులో ఏమవుతుందో ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంతో చూడవచ్చు. మన కంటికి అది ఒకటే. కంప్యూటర్‌లో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిసి ఆరు సంకేతాలు. సాఫ్ట్‌వేర్ సంకేతానికి ఒకటి చొప్పున చూపిస్తే తెరమీద స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అంటూ అక్షరం ఆరు రూపాలు ఎత్తుతుంది, నత్తివాడు కూడబలుక్కున్నట్టు. ‘వాడేవారి దృష్టిలో ఒక అక్షరం’ అంటే ఏమిటో యూనికోడ్ నియమాలు చెబుతాయి. అవి కూడా 2023లో వచ్చిన 15.1 వెర్షన్ దాకా స్త్రీని మూడు ముక్కలుగానే చూశాయి. ఆ వెర్షన్‌లో చేరిన నియమంతో తెలుగు సంయుక్తాక్షరం ఒక్కటిగా లెక్కకొచ్చింది. దీన్ని అక్షరాల అలంకారమని తీసిపారేయలేం: 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరానికి చెందిన ఒక సంకేతాల వరస తెరమీదకు రాగానే ఐఫోన్లలో సందేశాల యాప్‌లు కూలిపోయాయి, ఆపిల్ హడావిడిగా 11.2.6 అప్‌డేట్ ఇవ్వాల్సివచ్చింది.

ఇప్పుడు టెంప్లేట్ నచ్చగానే వినాయకుడినీ తోరణాన్నీ చూడను. ఖాళీ గడిలో ముందు ‘లక్ష్మీ’ అనీ, తర్వాత ‘స్త్రీ’ అనీ కొట్టి ఆడించి చూస్తాను. ఒత్తు నిలిచి, అక్షరం ఒక్కసారిగా విచ్చుకుంటేనే ముహూర్తం దాకా వెళతాను. ఆ పెళ్లి శుభలేఖకు అలా నిలిచింది ఆరో టెంప్లేట్. అందులో పేరు ఎటూ కదలదు, ఊరికే వెలుగుతుంది.