కోటి దాటిన కరెంటు కారు.. రోజూ తిరగనీకి అక్కరకొస్తదా?

మా ఊరి తమ్ముడొకడు హైదరాబాద్‌ల ఒక సేటు దగ్గర డ్రైవర్. మొన్న నన్ను బీఎండబ్ల్యూ ఐఎక్స్ కరెంటు కారుల కూసోబెట్టి తిప్పిండు. రీల్స్ సూసి మీరంతా గీ కార్ల గురించి అడుగుతుంటరు గదా, అందుకే రాస్తున్న.

ముందుగాల మంచి చెప్పాలె. సప్పుడు లేదు, పొగ లేదు, గేర్ల పంచాయితి లేదు. యాక్సిలరేటర్ మీదికెళ్లి కాలు తీస్తే చాలు, బండి నెమ్మదైతది. ఆ జోరునే మళ్ల కరెంటు చేసి బ్యాటరీల నింపుకుంటది. అందుకే సిటీ ట్రాఫిక్‌ల దీనికి పెట్రోల్ బండంత నష్టం ఉండదు. యూనిట్‌కు దాదాపు 5 కిలోమీటర్లు పోతది. యూనిట్ 10 రూపాయలు లెక్కేసినా కిలోమీటరుకు 2 రూపాయలే. గంత పెద్ద డీజిల్ బండికి 8, 9 రూపాయలు అయితయి.

ఇగ తిప్పలు సూడుండ్రి. ఎక్స్‌డ్రైవ్ 50 మోడల్ బ్యాటరీల 100 యూనిట్లకు పైనే పడుతది. మన 5 హెచ్‌పీ బోరు మోటరు గంటకు 4 యూనిట్లకు కొంచెం ఎక్కువ గుంజుతది. అంటే ఈ కారు ఒక్కసారి నిండా తాగే కరెంటుతోని మన మోటరు ఒక రోజంతా నడుస్తది. ఇంట్ల 15 ఆంప్స్ ప్లగ్గుకు పెడితే నిండనీకి రోజున్నర. రాత్రికి రాత్రి నిండాలంటే త్రీ ఫేజ్ కనెక్షన్, గోడకు 11 కిలోవాట్ల ఛార్జర్ ఉండాలె. సొంత పార్కింగ్ లేనోనికి కుదరని పని. బరువేమో రెండున్నర టన్నులు, టైర్లు జల్ది అరుగుతయి.

అయినా రోజుకు 50 కిలోమీటర్లు తిరిగేటోనికి వారానికి ఒక్కసారి ఛార్జింగ్ పెడితే సరిపోతది. కారు వరకైతే పాసే.

అసలు ముచ్చట పన్నుది. కారు ధర కోటి రూపాయలు దాటినా, కరెంటు బండి కాబట్టి జీఎస్టీ 5 శాతమే. కూలికి పోయేటోడు కొనే 100 సీసీ బైకుకు 18 శాతం. దిగుమతి కారుకు కస్టమ్స్ సుంకం వేరే ఉంటది, నిజమే. కానీ 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా తెలంగాణల కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసిండ్రు. కరెంటు స్కూటర్ కొన్నోనికి వేలల్ల మిగిలితే, గీ కారు కొన్నోనికి లక్షలల్ల మిగులుతది.

నేను కరెంటు బండ్లకు ఎదురు కాదు. మాఫీకి ఒక ధర దగ్గర గీత గియ్యాలె అంటున్న. ఆ గీత దాటినోళ్ల కాడ వచ్చే పైసలతోని పల్లెలకు కరెంటు బస్సులు ఎయ్యొచ్చు.

పొద్దూకినంక తమ్ముడు తాళం సేటుకిచ్చి, పాత పెట్రోల్ బైకు మీద రూముకు పోయిండు. ఆ బైకుకు పెట్రోల్ ఖర్చెంతో ఎరికేనా? కిలోమీటరుకు 2 రూపాయలు. సేటు కారుకయ్యేదీ గంతే.