ఎఱుకగల కలలు - నిద్రలేమి

కలగనుచునే యిది కలయని యెఱుగుట కొందఱికి సహజముగనే సిద్ధించును. జాగ్రత్స్వప్నములు రెండును కలియు నీ యవస్థను 1913లో డచ్చి వైద్యుడు ఫ్రెడెరిక్ వాన్ ఈడెన్ వర్ణించి ప్రచారమునకు దెచ్చెను. పండితు లనేకులు నమ్మలేదు. 1975లో ఇంగ్లండునందు కీత్ హెర్న్ జరిపిన ప్రయోగమున, నిద్రితుడు ముందుగా నేర్పఱచుకొన్న రీతిని కనుగ్రుడ్లను కదలించి కలలోనుండియే సంకేతము నొసగెను.

నిద్ర సరిగా పట్టనివారు తమకిది యలవడదని నిరాశ చెందుదురు. అట్లు తలపనక్కఱలేదు. స్వప్నఘట్టము సుమారు 90 నిమిషముల కొకమారు వచ్చుచు, తెల్లవాఱుజామునకు దీర్ఘమగును. కావున నాలుగైదు గంటల నిద్ర పిమ్మట దానంతట వచ్చిన మెలకువ వారి కక్కఱకు వచ్చును. అప్పుడు, చెదరిన కలను స్మరించి, మఱల కల వచ్చినపుడు దానిని కలగా గుర్తింతునని సంకల్పించి పండుకొనవలెను. ఇది అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ రూపొందించిన పద్ధతి. 2017లో ఆస్ట్రేలియానుండి వెలువడిన పరిశీలనలో, సంకల్పానంతరము అయిదు నిమిషములలో నిద్రపట్టినవారికి ఫలము హెచ్చుగ గలిగెను. పట్టుదల మితిమీఱినచో నిద్రయే పాఱిపోవును గదా!

గడియారపు గంటచే నిద్రను చెఱచుకొను పద్ధతి, ఆరోగ్యవంతులకు చెల్లినను, నిద్రలేమి గలవారు విడువదగినది. సంకల్పించినను కునుకు రానిచో ఆ రాత్రికి కలమాట మఱచి, లేచి, మందమైన వెలుతురులో కొంతసేపు కూర్చుండుట మేలు. మూడు నెలలు దాటిన నిద్రలేమికి ముందుగా వైద్యుని సంప్రదింపవలెను.