‘పడవ ప్రయాణం’ నుండి ‘స్త్రీ’ వరకు: అరుదైన సాహిత్య చలనచిత్రాలు – సేకర్తల ఆసక్తి

కీలక పదాలు: అనుసరణ, పాలగుమ్మి పద్మరాజు, సేతుమాధవన్, గోదావరి, సేకరణ

1. ఉపోద్ఘాతం
సాహిత్యం ఆధారంగా నిర్మితమైన చలనచిత్రాలన్నీ ఒకే విధంగా నిలిచి ఉండవు. విశ్వనాథ సత్యనారాయణ నవల ఆధారంగా 1969లో వెలువడిన ‘ఏకవీర’ను దాని పాటలు నేటికీ గుర్తుచేస్తున్నాయి. అటువంటి ఆలంబన లేని చిత్రాలు క్రమంగా కనుమరుగవుతాయి. సేకర్తలు వెతికేది ఈ రెండవ కోవ చిత్రాలనే. వారి ఆసక్తికి అలభ్యత ఒక్కటే కారణం కాదని నిరూపించడం ఈ వ్యాసోద్దేశం.

2. కథ – చిత్రం
‘గాలివాన’తో 1952లో ప్రపంచ కథానికల పోటీలో ద్వితీయ బహుమతి పొందిన పాలగుమ్మి పద్మరాజు రాసిన మరో ప్రసిద్ధ కథ ‘పడవ ప్రయాణం’. దాని ఆధారంగా కె.ఎస్. సేతుమాధవన్ ‘స్త్రీ’ (1995) చిత్రాన్ని రూపొందించారు. రోహిణి రంగి పాత్రను పోషించిన ఈ చిత్రం ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. కథలో రంగి గతం ప్రధానంగా ఆమె మాటల ద్వారానే తెలుస్తుంది. ఆ మాటలను దృశ్యంగా మార్చేటప్పుడు ఏది చూపాలి, ఏది విడిచిపెట్టాలి అన్న నిర్ణయం అనివార్యం. అందువల్ల అనుసరణ కూడా ఒక విమర్శనాత్మక పఠనమే. పుస్తకాన్నీ చిత్రాన్నీ పక్కపక్కన ఉంచుకునే సేకర్త ఆశించేది ఈ పోలికనే.

3. స్థానికత
గౌతమీ తీరంలోని మురమళ్ళ పరిసరాల వారికి పడవ కేవలం కథావస్తువు కాదు. యానాం–యెదుర్లంక వంతెన రాకముందు నదిని దాటించినవి పడవలూ పంట్లే. రోడ్డు ప్రయాణం వల్ల మరుగున పడిన ఆ జీవనలయను తెరపై చూడగలగడం స్థానిక సేకర్తకు అదనపు ఆకర్షణ.

4. అలభ్యతకు కారణాలు
‘స్త్రీ’ దర్శకుడు మలయాళీ. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ ఆధారంగా ‘ఒక ఊరి కథ’ (1977) తీసిన మృణాల్ సేన్ బెంగాలీ. మరాఠీ నవల ఆధారంగా శ్యామ్ బెనెగల్ తీసిన ‘అనుగ్రహం’ (1978) హిందీలో ‘కొండురా’గా కూడా వెలువడింది. ఇటువంటి చిత్రాలను దర్శకుని భాషలోని అభిమానులు పరభాషా చిత్రాలుగా, తెలుగు వ్యాపార వర్గాలు మార్కెట్ లేని చిత్రాలుగా చూసే అవకాశం ఎక్కువ. పురస్కారం గౌరవాన్నిస్తుంది గాని ప్రతుల లభ్యతకు హామీ ఇవ్వదు.

5. భద్రత
కోనసీమ వంటి తేమ ప్రాంతంలో వీడియో టేపులకు బూజు పడుతుంది. అసిటేట్ ఫిల్మ్ వేడికి, తేమకు క్షీణించి వెనిగర్ వాసన వెలువరిస్తుంది. ఆ దశకు చేరిన ఫిల్మ్‌ను పూర్వస్థితికి తేవడం సాధ్యం కాదు. చల్లని, పొడి వాతావరణంలో ఉంచడం, సకాలంలో డిజిటల్ ప్రతి తీయడం మాత్రమే మార్గాలు.

6. ముగింపు
మూలకథ ముద్రణలో ఉన్నంత మాత్రాన దాని చిత్రరూపం నిలవదు. ఒక తరం ఆ కథను ఎలా చదివిందో తెలిపే ఆధారం చిత్రమే. వ్యక్తిగత సేకరణలలోని ప్రతుల వివరాలను పట్టికగా నమోదు చేసి గ్రంథాలయాలకు, పూణేలోని జాతీయ చలనచిత్ర భాండాగారానికి అందించడం తక్షణ అవసరం.